జలపాతం దగ్గర జారిన మాట

పూర్వం రంగవల్లి అనే రాజ్యానికి ఒక చిత్రమైన కష్టం వచ్చిపడింది. రాజుగారి కోట ఉన్న ఊరి వెనక జలపాతం ఒకనాడు తెల్లవారేసరికి ఎండిపోయింది. నిజానికి అదేమంత గొప్ప జలపాతం కాదు. కొండలు ఎక్కక్కర్లేదు, ముళ్ళు తొక్కక్కర్లేదు. అద్దకంవాళ్ళ వీధి చివర నుంచి నూరడుగులు వేస్తే చాలు. హోరు కూడా లేదు. ముసలమ్మ తనలో తాను మాట్లాడుకున్నట్టు మెల్లగా దిగేది. కాని ఊరంతా తాగేది ఆ నీళ్ళే. రాజుగారు యజ్ఞాలు చేయించారు, బండలు తవ్వించారు. చుక్క రాలేదు.

ఎందుకు ఎండిందో ఒక్క ఇంట్లో మాత్రం తెలుసు. అద్దకం జోగయ్యకు, ఆయన కూతురు పదకొండేళ్ళ చిలకమ్మకు.

పనిలేని రోజున జోగయ్య కూతుర్ని అక్కడికి తీసుకెళ్ళేవాడు. రంగు పట్టిన పాదాలు నీళ్ళలో పెట్టుకుని ఊరికే కూర్చోవడమే ఆయనకు పండగ. లేచేటప్పుడు ఎవరైనా సరే "ఎల్లొస్తాం తల్లీ" అని నీళ్ళకు చెప్పి కదలాలి. అది ఆ ఊరి ఆచారం. ఆ రోజు మాత్రం కోట ముందు గారడీవాళ్ళు దిగారు. చిలకమ్మ మనసంతా అక్కడే ఉంది.

"సెప్పమ్మా, ఎల్దాం," అన్నాడు జోగయ్య.

"ఇదీ ఒక జలపాతమేనా? మన ఇంటి సూరు నీల్లే నయం! పోతన్నాను, మల్లీ రాను!" అని, అయ్యనైనా ఆ మాట చెప్పనివ్వకుండా చెయ్యి పట్టి లాక్కుపోయింది.

మర్నాడు భటులు గుమ్మంలోకి వచ్చారు. "నిన్న చివరగా అక్కడున్నదెవరు?"

"నానే బాబూ. సెప్పాల్సిన మాట సెప్పకండా వొచ్చేసినాను," అన్నాడు జోగయ్య. కూతురి పేరెత్తలేదు. తలుపు చాటున నిలబడ్డ చిలకమ్మ కూడా తన పేరెత్తలేదు. ఆయన్ని ఖైదులో వేశారు. పున్నమిలోగా నీళ్ళు రాకపోతే దేశం దాటించమని రాజుగారి ఆజ్ఞ.

ఆ పిల్ల అన్నం ముట్టలేదు. రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు పొద్దున్నే, ఎండిన వాగు వెంట పైకి అడవిలోకి నడిచింది.

మొదట ఒక ఎలుగుబంటి అడ్డుపడింది. "ఎవరి కోసం వచ్చావే పిల్లా?"

"ఊరి దాహం కోసం," అంది చిలకమ్మ. అది అబద్ధం కాదు, అలాగని అసలు సంగతీ కాదు. ఎలుగు పక్కకు తప్పుకుంది. కాని అక్కడి నుంచి ఆమె కాళ్ళు బరువెక్కాయి.

ఇంకొంచెం పైన, గుహ ముందు ఒక రాక్షసి తిరగలి తిప్పుతోంది. గాలి పీల్చి ముక్కు చిట్లించింది. "నరవాసన కాదు, దాచిన మాట వాసన! ఎవరి కోసమే?"

"మా అయ్య తప్పు సేసినాడు. ఇడిపించుకోవాలి," అంది. ఆ మాట బయటికి రాగానే ఆమెకే ఒళ్ళు జలదరించింది.

రాక్షసి పకపకా నవ్వింది. "బాగుందే! నీ మూట మోస్తున్నవాడి నెత్తినే ఇంకో మూట పెట్టావు. నీలాంటిదాన్ని నేను తినను. అరగవు. ఫో!"

రాక్షసికి కూడా పనికిరాకుండా పోయానని చిలకమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. కాళ్ళు లేవక దేకుతూ వాగు మొదటికి చేరింది. అక్కడ ఒక అవ్వ కడవ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ కడవలో జలపాతం మెల్లగా గొణుగుతోంది.

అవ్వ ఇంకా అడగనే లేదు, చిలకమ్మ భోరుమంది. "నానే అన్నాను తల్లీ! మా అయ్య తప్పు లేదు. ఆయన్ని తీసికెల్తంటే నోరు మూసుకుని నక్కినాను."

"తిట్టావని లేచి రాలేదే," అంది అవ్వ. "మళ్ళీ రానన్నావు. రానివాళ్ళ కోసం ఎందుకు దిగాలి? సరే, నీ వెనకే వస్తాను. కాని ఈ మాట నాకొక్కదానికి చెబితే చాలదు."

నీళ్ళు ఆమె మడమల వెంట జరజరా నడిచి వచ్చాయి. కోట ముందు జనాన్ని చూసి చిలకమ్మ ఆగింది. నీళ్ళూ ఆగాయి. పారిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆపైన ఊరంతా వినేలా జరిగిందంతా చెప్పేసింది. కొందరు ఛీ అన్నారు. ఆమె తల దించుకుని ఆ మాటలు పడింది. నీళ్ళు మాత్రం ఆమెను దాటి, పాత చోటుకు ఉరికాయి.

రాజుగారు జోగయ్యను విడిపించి, చిలకమ్మను ఆ జలపాతానికి కావలిపెద్దగా నియమించారు. తండ్రీకూతుళ్ళు ఇంటిదారి పట్టారు. ఆమెకు పదవి మీద ధ్యాస లేదు.

"అయ్యా, ఆ రోజు నాను తలుపు సాటునే ఉన్నాను."

"తెలుసమ్మా. నీ గజ్జెలు గలగలమన్నాయి."

"నామీద కోపం రాలేదా?"

"కోపం కాదమ్మా. ఒస్తావేమోనని రెండుసార్లు ఎనక్కి తిరిగి సూసినాను."

చిలకమ్మ దారి మధ్యలోనే కూలబడి, అడవిలోకంటే ఎక్కువ ఏడ్చింది. జోగయ్య కూడా పక్కనే కూర్చున్నాడు. ఏడుపు తగ్గేదాకా ఉండి, చెయ్యి అందించాడు.

"ఇప్పుడొచ్చినావు గదమ్మా," అన్నాడు. "లే, అన్నం తిందాం."