ఆరు నిమిషాల ద్రోహి

కంప్యూటర్ రోగాన్ని మూత తెరవకుండా, చెవితో విని చెప్పగల మనిషి పాలమూరు జిల్లా మొత్తానికి ఒక్కడే. ఏజెంట్ జాఫర్. పొరపాటన్నది అతని ఇంటా వంటా లేదు. ఈ మాట మీద మీరు ఎంత పందెమంటే అంత కాస్తాను.

1997 మే నెల, మధ్యాహ్నం రెండున్నర. నారాయణపేటలో ఒక నేతింటి ముందు ఆగాడు జాఫర్. భుజాన చీరల మూట, పెదవి మీద అంటించిన మీసం, జేబులో లావుపాటి పెన్ను. ఆ పెన్ను రాయదు, మాట్లాడుతుంది. అది వైర్‌లెస్.

"బషీర్ దొరికిపోయిండు," పెన్నులో చీఫ్ గురవయ్య గొంతు. "కొత్తకోట దగ్గర ముఠా అడ్డాల పెట్టిన్రు. నాలుగ్గంటలకు కాల్చేస్తరట. మన జీపు కొత్తకోటల రెడీగుంది. అడ్డా ఎక్కడనో నువ్వు చెప్పాలె. ఓవర్."

తోటి ఏజెంట్ బషీర్, జాఫర్ పన్నెండేళ్లుగా ఒకే గదిలో పడుకుంటున్నారు, ఒకే పళ్లెంలో తింటున్నారు. జాఫర్ తలుపు తట్టాడు.

"నెమలికంఠం రంగు చీర దొరుకుతదా?"

"అంచు ఎర్రగుంటే దొరుకుతది." కోడ్ కుదిరింది. తలుపు తీసినవాడు లక్ష్మీనర్సయ్య. పేరుమోసిన నేతగాడు, చీరల డిజైన్లు కంప్యూటర్లో గీసుకునే మొదటి మనిషి ఆ వీధిలో. మగ్గం పక్కనున్న ఆ కంప్యూటర్లోనే డిపార్ట్‌మెంట్ తన డీకోడింగ్ ప్రోగ్రామ్ దాచింది. నేతింట్లో ఎవరు వెతుకుతారు?

లోపల మంచం మీద కాలు మీద కాలేసుకుని ఖమర్ కూర్చుంది. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి గోళ్లు, గది నిండా అత్తరు. ముఠా దగ్గరా జీతం, మన దగ్గరా జీతం. ఆమె అసలు ఎవరి మనిషో ఆమెకైనా తెలుసా అని జాఫర్ అనుమానం.

"సలాం, జాఫర్ సాబ్. మీసం ఒక దిక్కు ఊడుతాంది," అంటూ ఆమె ఫ్లాపీ అందించింది. "పట్టువడే ముందు బషీర్ నా చేతుల పెట్టిండు. అడ్డా జాడ గీ ఫ్లాపీల ఉన్న చీర అంచు డిజైన్ల దాచిండు."

"నువ్వు అడ్డాకు పోతవు గదా, నోటితోనే చెప్పరాదు?"

"నా కండ్లకు గంతలు కట్టి తీస్కపోతరు. నమ్మితే నమ్ము."

జాఫర్ ఫ్లాపీ పెట్టాడు. డీకోడింగ్‌కు పన్నెండు నిమిషాలు పడుతుంది. తెర మీద అంచు గళ్లు ఒక్కొక్కటే అక్షరాలవుతున్నాయి. సరిగ్గా ఆరో నిమిషం. తెర కొయ్యబారింది. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు.

"ఫ్లాపీల వైరస్ పెట్టినవు!" జాఫర్ పిస్టల్ ఖమర్ వైపు తిరిగింది.

"ఫ్లాపీ తీసి నడిపి చూడు. గప్పుడు కూడ ఆగితే తుపాకీ దించు."

ఫ్లాపీ లేకుండా నడిపాడు. రెండో నిమిషంలోనే ఆగింది. పిస్టల్ దించక తప్పలేదు.

మూత తెరవకుండా రోగం చెబుతాడన్నాను కదా? ఇప్పుడు మూత తెరవడమే కాదు, లోపలి సామానంతా మంచం మీద పరిచాడు. ముందు ర్యామ్ అన్నాడు. తీసి వేరే స్లాట్‌లో పెట్టాడు, ఒక్క నిమిషంలోనే ఆగింది. పవర్ సప్లై అన్నాడు. టెస్టర్ పెట్టి చూస్తే వోల్టేజీ సరిగ్గా ఉంది. హార్డ్ డిస్క్ కేబుల్ అన్నాడు. అదీ కాదు. మూడుసార్లు తీర్పు చెప్పి మూడుసార్లూ తప్పాడు. గంట మూడూ పది అయింది.

పెన్ను గురగురమంది. "జాఫర్, ఎటు పోవాలె? ఓవర్."

చెమట మీద మీసం జారి కీబోర్డులో పడింది. బషీర్ ఇంకో యాభై నిమిషాలు బతుకుతాడు. ఈ ప్రోగ్రామ్ ఉన్న మరో కంప్యూటర్ మహబూబ్‌నగర్‌లో ఉంది. పోయేసరికే నాలుగవుతుంది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా," అన్నాడు లక్ష్మీనర్సయ్య. "పొద్దుగాల అది మంచిగనే నడుస్తది. ఎండ ముదిరితేనే ఆగుతది."

జాఫర్ తలెత్తాడు. చల్లగా ఉన్నప్పుడు ఆరు నిమిషాలు. తర్వాత రెండు. ఇందాక ఒకటి. వేడెక్కినకొద్దీ తొందరగా చస్తోంది. ప్రాసెసర్! చల్లగా ఉన్నంతసేపు మనవాడు, వేడెక్కగానే శత్రువు. ఈ గదిలో అసలు డబుల్ ఏజెంట్ అదే.

దాని మీదున్న, వేడి లాగే అల్యూమినియం హీట్‌సింక్‌ను వేలితో తాకాడు. చల్లగా ఉంది! పక్కనుంచి ప్రాసెసర్ అంచు తాకాడు. వేలు చుర్రుమంది. కింది వేడి పైకి ఎక్కడం లేదు. క్లిప్పు లాగి హీట్‌సింక్ ఊడదీశాడు. రెండింటి మధ్య తెల్లగా, గట్టిగా, అప్పడంలా ఏదో పెచ్చు.

"కాకా, ఇదేంది?"

లక్ష్మీనర్సయ్య తువ్వాలు సర్దుకున్నాడు. "ఆర్నెల్ల కింద దుమ్ము దులుప తీసిన. అండ్ల తెల్లటి పేస్టు ఎండిపోయింది. పడుగుకు పెట్టే గంజి కొంచెం మిగిలుండె. అదే పూసిన. దారాన్ని నిలవెట్టే గంజి దీన్ని నిలవెట్టదా అనుకున్న."

"ఆర్నెల్ల నుంచి ఉడకవెట్టినవు కాకా!"

"గంజి గదా మరి," అంది ఖమర్.

జాఫర్ పెచ్చు గీకేశాడు. వేడిని పైకి పంపే అసలు పేస్టు ఇప్పుడెక్కడ దొరుకుతుంది? ఖమర్ సంచీ తెరిచి టూత్‌పేస్ట్ ట్యూబు విసిరింది. "పారిపోయేటోళ్ల సంచిల ఎప్పుడు ఉంటది. పూస్తే ఒక్క పూట పనిజేస్తది."

పూశాడు. నడిపాడు. తొమ్మిదో నిమిషంలో మళ్లీ ఆగింది. ఆరు నెలల వేడికి ప్రాసెసర్ సగం కాలిపోయింది, పూర్తి వేగం తట్టుకోలేదు. మదర్‌బోర్డు మీద వేగాన్ని అదుపుచేసే గోరంత జంపర్ పీకి చోటు మార్చి, నూట అరవై ఆరు మెగాహెర్ట్జ్‌ను వందకు దించాడు. ఇక మెల్లగా నడుస్తుంది, ఇరవై నిమిషాలు పడుతుంది. కాని బతుకుతుందా?

"మగ్గం గుంటల పెట్టు," అన్నాడు లక్ష్మీనర్సయ్య. "మా కాళ్లు వెట్టే జాగ. ఎండకాలం గూడ అండ్ల సల్లగుంటది."

కంప్యూటర్ డబ్బా మొత్తాన్ని ఆ గుంటలోకి దించారు. ఖమర్ కళ్లద్దాలు తీసి, విసనకర్రతో గాలి కొడుతూ గుంట అంచున కూర్చుంది. ఆరో నిమిషం దాటింది. తొమ్మిది దాటింది. పద్దెనిమిదో నిమిషంలో తెర ఒకసారి వణికింది. "నడువే తల్లీ," అన్నాడు జాఫర్, ఏడుపు గొంతుతో.

అంచులోంచి అక్షరాలు బయటపడ్డాయి: కొత్తకోట, మూతబడ్డ పత్తి మిల్లు, వెనక గోదాం.

జాఫర్ పెన్నులోకి అరిచాడు. జీపు మిల్లు గేటు విరగ్గొట్టుకుని దూసుకుపోయింది. ముఠా నాయకుడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టాడు. నాలుగు కొట్టడానికి ఒక్క సెకను. మనవాళ్ల తూటా ముందు పేలింది, నాయకుడి పిస్టల్ ఎగిరి దూరంగా పడింది.

పెన్నులో బషీర్ గొంతు వినిపించింది. "జాఫర్, గింత ఆలస్యమేందిర?"

"కాకను అడుగు," అని జాఫర్ మగ్గం గుంటలోనే కూలబడి వలవలా ఏడ్చాడు.

చెప్పకపోతే నాకే అన్నం సయించదు. ఆ ఒక్క సెకను నేను కలిపింది. జీపు వెళ్లేసరికి నాలుగవడానికి ఇంకా ఐదు నిమిషాలు మిగిలే ఉన్నాయి, ముఠావాళ్లు చాయ్ తాగుతూ దొరికారు. కాని గంజి మాత్రం అక్షరాలా నిజం. కావాలంటే లక్ష్మీనర్సయ్యను అడగండి, టూత్‌పేస్ట్ ఆలోచన తనదేనని చెబుతాడు.