చేతి మీద ఇలియా

"నా కొడుకు పేరుని నిప్పుపెట్టి కాల్పించుకుంటావా? ఎంత గుండె ధైర్యమే నీది!"

మాండా కాఫీ గిన్నెను పొయ్యి మీద ఠక్కున దించింది. నురగ పొంగి ఇనప్పొయ్యి మీద పడి చుయ్యిమంది. అప్పుడే కోటు తొడుక్కుంటున్న యగోడాకి ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి బయట ఉండిపోయింది. బయట ఉన్న ఆ ఎడమచేతి మీదే ఉంది గొడవంతా. మోచేతికీ మణికట్టుకీ మధ్య నల్లటి అక్షరాల్లో 'ఇలియా' అని పేరు, దాని కింద ఒక పచ్చటి ఆకు.

"కాల్చరత్తయ్యా... లేజరు. జెనీత్సా పట్నంలో చర్మం డాక్టరమ్మ చేస్తుంది. బస్సుకి టైమవుతోంది..."

"ఏదైతేనేం! పచ్చబొట్టంటే మనిషితో పాటు మట్టిలోకి పోవాలి గానీ మధ్యలో పోతుందా? ఇదిగో, చూడు!" అంటూ మాండా రెండు చేతులూ ముందుకు చాచింది. వేళ్ళ కణుపుల నుంచి మణికట్టు దాకా నీలిరంగు సిలువలు, వాటి చుట్టూ దేవదారు కొమ్మలు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు, సెయింట్ జోసెఫ్ పండగనాడు, వాళ్ళమ్మ పొడిచింది. పొయ్యి మసి, తేనె, పక్కింటి బాలింత పాలు కలిపి సూదితో పొడిస్తే ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిందట. ఆ కొండల్లో ఆ వయసు క్యాథలిక్ ఆడవాళ్ళందరి చేతులూ అలాగే ఉంటాయి. "ఒక్కనాడైనా చెరిపేసుకుంటానన్నానా నేను?"

"మీ చేతుల మీద ఉన్నది దేవుడు, అత్తయ్యా. నా చేతి మీద ఉన్నది మీ అబ్బాయి!"

ఆ మాటకి మాండా ముఖం పాలిపోయింది. "సరే పో! ఆ పేరు చెరిపిన రోజున నువ్వీ ఇంటి కోడలివి కావు. చెప్పలేదనకు!" అంది, కొంగులాంటి తల గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని యగోడా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. కోడలు కాకపోతే తనెవరు? యుద్ధంలో అమ్మా నాన్నా పోయాక సిస్టర్ల హాస్టల్లో పెరిగిన పిల్ల. పెళ్ళై ఆ గడప తొక్కిన రోజున "వచ్చావా తల్లీ" అని ఒకరు ఎదురొచ్చి కౌగిలించుకోవడం ఆమెకి జీవితంలో అదే మొదటిసారి. కౌగిలించుకున్నది ఇలియా కాదు, మాండా!

ఇలియా సంగతి చెప్పాలంటే నాకే ఒళ్ళు మండుతుంది. పెళ్ళైన వారానికి సముద్రం చూపిస్తానని స్ప్లిత్ తీసుకెళ్ళి, "మా అమ్మ చేతి మీద సిలువ, నీ చేతి మీద నేను!" అంటూ తన పేరు పొడిపించాడు. "మరి నీ చేతి మీద నా పేరో?" అంటే "రేపు" అన్నాడు. ఆ రేపు రాలేదు. కొన్నేళ్ళకి కొండవతల త్రావ్నిక్‌లో టైర్ల కొట్టు పెట్టాడు, కొట్టుతో పాటు ఇంకో ఆడదాన్ని పెట్టాడు, విడాకులు పంపించాడు. బస్సెక్కితే గంట దూరం కూడా లేదు. కన్నతల్లిని చూడ్డానికి ఒక్కసారైనా రాలేదు! విడాకులొచ్చినా యగోడా ఇల్లు విడిచి పోలేదు. బేకరీలో పని చేసుకుంటూ, మండుటెండల్లో కూడా పొడుగు చేతుల చొక్కాలే తొడుక్కుంటూ, అత్తగారిని చూసుకుంటూ ఉండిపోయింది. మొన్న బేకరీలో పిండి కలుపుతూ చొక్కా చేతులు పైకి మడిస్తే, ఒక చిన్నపిల్ల ఆ చెయ్యి చూసి "ఆంటీ, ఇలియా ఎవరు?" అనడిగితే, "మా ఆయన" అని నోటికి వచ్చేసింది. ఇంటికొచ్చి స్నానాలగదిలో ఎంతసేపు ఏడ్చిందో!

డాక్టర్ అమ్రా ఉన్నదున్నట్టు చెప్పింది. "మిషను రంగుని పగలగొట్టడం వరకే చేస్తుందమ్మా. మోసుకుపోవాల్సింది మీ ఒళ్ళే. అందుకే ఒక్కసారికి పోదు. రెండేసి నెలలు ఆగి ఆగి రావాలి. నలుపు తొందరగా లొంగుతుంది. ఈ ఆకుపచ్చ మాత్రం మొండిది, కొంచెం మిగిలిపోవచ్చు."

కళ్ళకి నల్లద్దాలు పెట్టారు. చల్లగాలి గొట్టం చేతి మీద పెట్టారు. టిక్, టిక్, టిక్... మూకుడులోంచి కాగిన నూనె చుక్కలు చిటపట ఎగిరి పడ్డట్టే! వెంట్రుకలు కాలిన వాసన. అద్దాలు తీసి చూసుకుంటే అక్షరాలు నలుపు కాదు, సుద్దముక్కతో రాసినట్టు తెల్లగా ఉన్నాయి. "కాసేపటికి ఆ తెలుపు పోతుంది. రాత్రికి బొబ్బలెక్కొచ్చు, భయపడొద్దు. చిదమొద్దు. ఎండ తగలనివ్వొద్దు. ఈ ఆయింట్‌మెంట్ తప్ప ఇంకేం రాయొద్దు," అంది డాక్టరు.

అదే మాండాకి కూడా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! కానీ ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేవు. రొట్టె ముక్క బల్ల మీద పెట్టి, ముఖం తిప్పుకుని పోతోంది పెద్దావిడ.

మర్నాడు మధ్యాహ్నం పొయ్యి పక్క బల్ల మీద యగోడా అలా నడుం వాల్చి నిద్రపోయింది. కట్టు జారిపోయి, నిమ్మకాయంత బొబ్బ కనిపిస్తోంది. భగ్గుమని మంటెత్తినట్టై అరిచి లేచేసరికి... ఎదురుగా మాండా! ఒక చేతిలో సూది, ఇంకో చేతిలో రాకియా సీసా! బొబ్బ చితికి, ప్లమ్ పండ్ల సారా వాసన గదంతా గుప్పుమంటోంది.

"ఏం చేశారత్తయ్యా! నా మీద ఇంత కక్షా? మీ కొడుకు పేరు తీయించుకున్నానని నా చెయ్యే కుళ్ళబెడతారా!"

మాండా సీసా మూత పెట్టబోతే అది చేజారి కింద పడి దొర్లిపోయింది.

రెండు రోజుల్లో చెయ్యి ఎర్రగా వాచి జ్వరమొచ్చింది. యగోడా బస్సుకి బయల్దేరితే, వెనకే మాండా! ఆదివారం కట్టుకునే నల్ల గుడ్డ తలకి చుట్టుకుని, సంచీ పట్టుకుని, పిలవకుండానే బస్సెక్కి పక్కన కూర్చుంది.

"ఎవరు చిదిమారు దీన్ని?" అంది డాక్టర్ అమ్రా, చెయ్యి చూడగానే.

యగోడా తల దించుకుంది. "నేనేనమ్మా," అంది మాండా. "లోపల చెడు నీరుంది, తీసేస్తే పిల్లకి సుఖంగా ఉంటుందనుకున్నాను. సూదిని మంటలో పెట్టే గుచ్చాను... మా ఇంట్లో దగ్గొస్తే రాకియా, పంటినొప్పొస్తే రాకియా, జ్వరమొస్తే రాకియాలో తడిపిన మేజోళ్ళు! ఇంకో మందు నాకు తెలిస్తే కదా..." అంటూ ఆ సిలువల చేతుల్లో ముఖం దాచుకుని భోరుమంది.

యగోడా తలెత్తి ఆవిడ వంక చూసింది. అయ్యో! కక్ష కాదే... ప్రేమే! మాటలు మానేసి కూడా తన పుండు చూస్తూ ఊరుకోలేకపోయిందే!

డాక్టరుకి నవ్వాగలేదు. "మా ఇంట్లో తాగేవాళ్ళే లేరు బామ్మగారూ, అయినా ఒంటికి రాయడానికని మా నానమ్మ ఒక సీసా దాచేది!" అంది. చెయ్యి శుభ్రం చేసి మందు వేసి, "మచ్చ పడకపోవచ్చు లెండి. పూర్తిగా మానాకే మళ్ళీ మొదలుపెడదాం," అంది.

మాండా ముక్కు తుడుచుకుని, అసలు ప్రశ్న అప్పుడడిగింది. "పగలగొడితే... ఆ పేరు ఎక్కడికి పోతుందమ్మా?"

"రోట్లో పటికబెల్లం నలిగినట్టు రంగు నలిగిపోతుంది. ఆ పొడిని రక్తంలో కణాలు కొంచెం కొంచెంగా మోసుకుపోతాయి. కొంత చంకలో గ్రంథుల దగ్గర నిలిచిపోతుంది. కొంత... ఒంటికి వెళ్ళినప్పుడు పోతుంది."

మాండా వంగి కోడలి చేతి వంక చూసింది.

"అంటే నా కొడుకు..." అంది మాండా నెమ్మదిగా. "వాడికి తగిన దారే చూపించావు తల్లీ!"

ముందు డాక్టరు, తర్వాత యగోడా, ఆఖరికి మాండా... ముగ్గురూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ నవ్వులోనే మాండా కోడలి మంచి చెయ్యి పట్టుకుంది.

"నాకు వాడి పేరు పోతుందని కాదే భయం. అది చూసుకునే నువ్వు నా మనిషివనుకునేదాన్ని. అది కాస్తా పోతే నువ్వు నాకెవరు, నీకు నేనెవరు? చొక్కా చేతులు మడుచుకుని హాయిగా ఎక్కడికో వెళ్ళిపోతావని..."

"నేనెక్కడికి పోతానత్తయ్యా! నాకు మాత్రం ఎవరున్నారు?"

"కొడుకే లేడు, ఇంకా అత్తయ్యేమిటే!"

"అలవాటైపోయింది... మానను," అంది యగోడా, ఆవిడ భుజం మీద తల పెట్టి వెక్కుతూ.

ఆ తర్వాత ప్రతిసారీ ఇద్దరూ కలిసే వెళ్ళారు. టిక్ టిక్ మంటున్నంతసేపూ కోడలి వేళ్ళు మాండా వేళ్ళలోనే ఉండేవి. ఇంటి దగ్గర బొబ్బకి కాపలా ఆవిడే! పక్కింటివాళ్ళు దగ్గరికొస్తే "ముట్టుకోకండి!" అని కసిరేది. ఎండకాలం వస్తే గొడుగు పట్టుకుని బేకరీ దాకా వెంటపడేది. రాకియా సీసా మాత్రం అల్మారా పైకెక్కింది. అక్షరాలు ఒక్కొక్కటే బూడిదరంగుకి తిరిగాయి. మధ్యలో ఎన్నాళ్ళైనా ఏ మార్పూ లేదనిపించి యగోడా దిగులుపడితే, "ఒళ్ళు మోస్తోంది కదే, తొందరపెట్టకు," అనేది మాండా, డాక్టరమ్మ మాటల్ని తనవిగా చేసుకుని.

రెండో ఏడు చలికాలం వెళ్ళేసరికి చేతి మీది ఇలియా పోయాడు. చర్మం కాస్త తెల్లబారిన చోట, డాక్టరు చెప్పినట్టే, ఆ ఆకు మాత్రం పేలవంగా మిగిలింది.

"ఇది కూడా తీయించమంటారా అత్తయ్యా?"

"ఉండనీ. ఆకేం పాపం చేసింది?"

మార్చి నెలలో సెయింట్ జోసెఫ్ పండగ వచ్చింది. పొద్దున్నే మాండా పొయ్యి మూతకున్న మసి గీకి, గిన్నెలో తేనె, నాలుగు చుక్కల ఆవుపాలు వేసి కలిపింది. యగోడా చూసి గాభరాపడింది. "అమ్మో, సూది వద్దు అత్తయ్యా!"

"సూది లేదే పిచ్చిదానా. చెయ్యి ఇలా పెట్టు."

అగ్గిపుల్ల మసిలో ముంచి, ఒకప్పుడు పేరున్న చోట, ఆకుకి పైన చిన్న సిలువ గీసింది. తన చేతి మీద ఉన్నదే, అచ్చం అలాంటిదే!

"ఇది నీళ్ళు తగిలితే పోతుంది," అంది మాండా, తలెత్తకుండా. "ఉంచుకోవాలని ఉంటే... రోజూ నా దగ్గరికి రావాలి మరి."

యగోడా కన్నీటిచుక్క ఒకటి జారి ఆ సిలువ మీద పడింది. సిలువకి ఒక పక్క కరిగి కిందికి కారింది.

"చూశావా, అప్పుడే చెరిపేశావు!" అని కసిరి, మాండా అగ్గిపుల్లని మళ్ళీ మసిలో ముంచింది.