కోల్డ్ రూములో పగడాలు

ఆ రోజు శంషాబాదులో కురిసిన వాన సంగతి చెబితే మీరు నమ్మరు. దిగాల్సిన విమానం ఒకటి మబ్బుల పైనే ఆగి, "ముందు గొడుగు పంపండి, ఆ తర్వాత దిగుతాను" అని కబురు చేసిందట. నాకు చెప్పినవాడు అబద్ధాలాడే మనిషి కాదు. ఆడితే పెద్దవే ఆడతాడు.

ఆ వానలోనే విమానాశ్రయం గోడకు ఇవతల ఒక ప్రైవేటు సరుకుల గోదాము ముందు ఆటో ఆగింది. అనుపమ దిగింది. కాకినాడ పిల్ల. రాజేంద్రనగర్‌లో ఒక పరిశోధనశాలలో పీహెచ్‌డీ చేస్తోంది. జడ తడిసి ముద్దయింది. ముఖంలో మాత్రం రైలు దిగే పెళ్ళికొడుకు కోసం స్టేషనుకొచ్చిన వాళ్ళకుండే ఆత్రం.

కౌంటరు వెనక కొండల్ ఉన్నాడు. పక్క ఊరి రైతు ముత్తయ్య కొడుకు. రెండువేల ఎనిమిదిలో విమానాశ్రయం తెరిచినప్పుడు ఆ గోదాములో చేరి, నాలుగేళ్ళలో షిఫ్టు ఇన్‌చార్జి అయ్యాడు. చూడ్డానికి బాగుంటాడు. ఆ సంగతి అతనికీ తెలుసు, వచ్చిన చిక్కల్లా అదే.

"అండమాన్ నుంచి నాకో థర్మోకోల్ పెట్టె రావాలండీ" అంది అనుపమ.

"పొద్దుగాల్నే వచ్చింది మేడం. పరేషాన్ గాకుండ్రి. మంచిగ కోల్డ్ రూముల పెట్టిన. ఐదు డిగ్రీలు. జర గూడ పాడుగాదు."

అనుపమ కౌంటరు మీదికి వంగింది.

"ఎక్కడ పెట్టారూ?"

"కోల్డ్ రూముల. ల్యాబు పెట్టె అంటే గాడనే పెడ్తం."

అది ఆ గోదాము అలవాటు. వాళ్ళు ఎప్పుడూ మోసింది టీకాలు, మందులు. పెట్టె మీద 'ల్యాబు' అన్న మాట కనబడితే చాలు, కళ్ళు మూసుకుని చలిగదిలోకి తోసేవారు. ఈ పెట్టె మీద 'ప్రాణం ఉన్నవి, వెచ్చగా ఉంచాలి' అని ఎర్రచీటీ అతికించి ఉంది. ఏం లాభం? అలవాటుకు చదువు రాదు.

"అవి టీకాలు కావండీ. పగడాలు. ప్రాణమున్న పగడాలు. వెచ్చటి సముద్రంలో బతికేవి."

"పగడాలంటే, ఉంగరంల పెట్టుకునేటియి?"

"అవి వేరు. ఇవి సముద్రంలో గట్లు కట్టేవి. ముందు పెట్టె తెప్పించండి."

పెట్టె వచ్చింది. లోపల మూడు ప్లాస్టిక్ సంచులు, వాటి నిండా సముద్రపు నీళ్ళు, ఒక్కో దాంట్లో బొటనవేలంత పగడపు ముక్క. ఒకదాని పైపొర పాలమీగడలా ఊడి తేలుతోంది. రెండోదాని నుంచి జిగురు దారాల్లా సాగుతోంది. మూడోది ఒక్కటే ఇంకా తేనెరంగులో ఉంది.

కొండల్ ఒంగి చూశాడు. "సచ్చినయా మేడం?"

"చావలేదు. చావనివ్వను."

ఆ మూడు ముక్కల కోసం అటవీశాఖ అనుమతి తెచ్చుకోవడానికి ఆమె ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఇవి పోతే మళ్ళీ ఇవ్వరు. ఇవి లేకపోతే పరిశోధనా లేదు, పెట్టె సర్దుకుని కాకినాడ పోవడమే.

"కంప్లైంట్ ఇస్తరా?" అన్నాడు కొండల్.

"ఇస్తే ఇవి వెచ్చబడతాయా? మీరే చల్లార్చారు, మీరే వెచ్చబెట్టాలి. రండి."

"నేనా? ఏడికి?"

"ల్యాబుకి. ఆటో ఉంది."

అతను గడియారం చూశాడు. షిఫ్టు అయిపోయింది. ఆమెను చూశాడు. ఆ కళ్ళముందు గడియారం కూడా ఆగిపోయేదే గానీ, బ్యాటరీ కొత్తది.

"వేడినీళ్ళల్ల పెడ్దామా?" అన్నాడు ఆటో ఎక్కుతూ.

"ఒక్కసారిగా వేడి తగిలితే ఉన్న ప్రాణం కూడా పోతుంది. నెమ్మదిగా ఎక్కాలి. మీ చొక్కా లోపల పెట్టుకోండి."

"ఏంది?"

"సంచులు. చొక్కా లోపల. పొట్టకి ఆనించి."

నవ్వకండి. నేను చెప్పిన వాటిలో ఇది అబద్ధం కాదు. కొండల్ మూడు సంచులూ చొక్కాలో దోపుకుని, రెండు చేతులతో పట్టుకుని, పొదిగే కోడిపెట్టలా ఆటోలో కూర్చున్నాడు. ఐదు డిగ్రీల నీళ్ళు పొట్టకు తగిలేసరికి అతని నోట్లోంచి వచ్చిన శబ్దానికి ఆటో నడిపే కుర్మయ్య హారన్ అనుకుని పక్కకు తప్పుకున్నాడు.

గగన్‌పహాడ్ దగ్గర రోడ్డు చెరువైంది. లారీల వెనక ఆటో ఆగిపోయింది. అనుపమ సన్నటి థర్మామీటరు తీసి అతని గుండీల మధ్య నుంచి సంచిలోకి దించింది.

"పద్నాలుగు. కదలకండి."

"సలికి కదుల్తున్న మేడం, నేనుగాదు, వణుకు."

"వణుకుని కూడా కదలొద్దని చెప్పండి."

అప్పుడే ఫోను మోగింది. తల్లి రుక్కమ్మ. చేతులు ఖాళీ లేవు, అనుపమే ఫోను అతని చెవికి ఆనించింది.

"ఏడున్నవ్ రా కొడుకా?"

"ఆటోల ఉన్న అవ్వా. కడుపుల నీళ్ళున్నయి, కదలొద్దంటున్నరు."

"అయ్యో, కడుపుల నీళ్ళు చేరినయా? ఎవరన్నరు? ఏ దవాఖానల ఉన్నవ్?"

"దవాఖాన గాదే. ఒక మేడం పెట్టింది."

అవతల కొడుక్కి నీళ్ళు చేరడమా, మేడం చేరడమా, ఏది పెద్ద ప్రమాదమో రుక్కమ్మ లెక్క వేసుకుంటోందని నా అనుమానం.

కుర్మయ్య వెనక్కి తిరిగి, చొక్కా సందులోంచి కనబడుతున్న సంచిలోకి తొంగి చూశాడు. "ఆ జిగురేందక్కా, గలీజుగున్నది. కడిగేయరాదు?"

"కడిగితే అయిపోతుందన్నా. ఆ జిగురులోనే కోట్లమంది ఉన్నారు."

"ఎవరు?" అన్నాడు కొండల్.

"బ్యాక్టీరియా."

"నా కడుపు మీదనా?"

"మీ కడుపు లోపల అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. కంగారు పడకండి, అన్నీ చెడ్డవి కావు." ఆమె థర్మామీటరు మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "పగడం వాటికి ఇల్లూ తిండీ ఇస్తుంది. అవి దానికి కాపలా కాస్తాయి, బయటి రోగాన్ని దగ్గరకు రానివ్వవు. ఒకరు లేకపోతే ఇంకొకరు నిలబడరు. చలికి ఇప్పుడు ఆ కాపలావాళ్ళే చెదిరిపోయారు."

కొండల్ సంచుల వైపు చూసుకున్నాడు. ఇంతసేపూ మూడు రాళ్ళు మోస్తున్నాననుకున్నాడు. మూడు ఊళ్ళు మోస్తున్నానని అప్పుడు తెలిసింది.

"మరి ఇప్పుడేం జేస్తరు?"

"బాగున్న ముక్క మీది జిగురు కొంచెం తీస్తాను. అందులోని మంచి బ్యాక్టీరియాను పెంచి, జబ్బుచేసిన వాటి మీద వేస్తాను."

"పక్కింట్లకెల్లి తోడు తెచ్చి పాలల్ల ఏసినట్టు."

"అలాంటిదే. కాకపోతే ఈ పాలు తోడుకుంటాయో లేదో ఎవరికీ తెలీదు. తెలుసుకోవడమే నా పని."

"తోడుకుంటయి" అన్నాడు కొండల్.

"మీకెలా తెలుసు?"

"తెల్వదు. గని తోడుకోవాలె."

అనుపమ మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. అప్పటిదాకా ఆమె దృష్టిలో అతను ఒక పొట్ట మాత్రమే.

ల్యాబులో ప్రొఫెసర్ సంచులు చూసి పెదవి విరిచారు. "పారెయ్యమ్మా. వేరే అంశం చూసుకో" అన్నారు. అనుపమ తల ఊపి, నేరుగా వెళ్ళి ముక్కల్ని తొట్టెలో అమర్చింది. పెద్దలు చెప్పింది వినడం వేరు, చేయడం వేరు. ఆ తేడా ఆ పిల్లకు పుట్టుకతో తెలుసు.

మర్నాడు షిఫ్టు కాగానే కొండల్ ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎందుకొచ్చారు?"

"చూస్తందుకు."

"పగడాల్నా?"

"ఈడ చూస్తందుకు ఇంకేమున్నయి మేడం?" అన్నాడు, చూపు మాత్రం తొట్టె వైపు లేదు.

"అయితే ఊరికే చూడకండి. ఆ బకెట్టు ఇలా ఇవ్వండి. ఉప్పు కలపాలి."

ఆ తర్వాత అతను రాని రోజు లేదు. ఉప్పు కలిపాడు, తొట్టెలు మోశాడు, గాజుపళ్ళేల మీద చుక్కల్లా పెరుగుతున్న బ్యాక్టీరియాను చూసి "ఇంత చిన్న కాపలాదారులకు జీతమెంత?" అని అడిగాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో రెండు వెర్రి ప్రశ్నలు అడిగాడు. రెండోదానికి బయటికి పంపేసింది.

పైపొర మీగడలా ఊడిపోయిన ముక్క ఒక సాయంత్రం పూర్తిగా పోయింది. తెల్లటి ఎముక మిగిలింది. కొండల్ దాని ముందు కూలబడ్డాడు.

"నేనే సంపిన."

"అవును" అంది అనుపమ. ఆమెకు ఓదార్చడం రాదు, అబద్ధమాడటం అసలే రాదు. "అందుకే ఈ రెండోదాన్ని వదలొద్దు. లేవండి. ఏడవడానికి తర్వాత టైమిస్తాను."

అతను లేచాడు.

మంచి బ్యాక్టీరియా పెరిగింది. అనుపమ దాన్ని చుక్క చుక్కగా రెండో ముక్క మీద వేయడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే కరెంటు కోతలు ముదిరాయి. ల్యాబు జనరేటరు చెడిపోయి మరమ్మతుకు పోయింది. గాలి బుడగలు ఆగితే తొట్టెలో నీరు చచ్చిపోతుంది, దాంతోపాటు అన్నీ.

"ఏం జేద్దాం?" అన్నాడు కొండల్.

"తెలీదు. రాత్రంతా చేత్తో గాలి కొడతాను, ఇంకేం చేస్తాను."

అతను బండి తీసుకుని పోయాడు. వచ్చేటప్పుడు వెనక సీటు మీద తాళ్ళతో కట్టిన ట్రాక్టరు బ్యాటరీ, ముందు ట్యాంకు మీద టెంట్‌హౌసు నుంచి కిరాయికి తెచ్చిన ఇన్వర్టరు ఉన్నాయి. బుడగలు మళ్ళీ మొదలయ్యాయి. వెచ్చదనం కోసం వేడినీళ్ళ సీసాలు తొట్టె చుట్టూ పేర్చి, చల్లారినవి చల్లారినట్టు ఇద్దరూ మార్చారు.

"బ్యాటరీ ఎవరిది?" అంది.

"మా బాపుది."

"ఆయనకు చెప్పారా?"

"చెప్తే ఇస్తడా?"

కోతలు వచ్చినప్పుడల్లా బ్యాటరీ పనిచేసింది. కొన్నాళ్ళకు ఆ ముక్క మీద సాగే జిగురు తగ్గింది. అంచుల్లో గోధుమరంగు తిరిగి వచ్చింది. అయినా అనుపమ నమ్మలేదు. "నోరు తెరవాలి. పగడం నిండా పూసల్లాంటి చిన్న చిన్న జీవులుంటాయి, అవి చేతులు చాపాలి. అప్పుడే బతికినట్టు" అంది.

ఒక ఆదివారం సాయంత్రం బయట సన్నటి జల్లు. దీపం తగ్గించి ఇద్దరూ తొట్టె ముందు కూర్చున్నారు. మొదట ఒక పూస విచ్చుకుంది. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన వరసంతా. వెంట్రుకల్లాంటి చేతులు నీళ్ళలో మెల్లగా ఊగాయి.

అనుపమ పక్కనున్న చేతిని గట్టిగా పట్టుకుంది. అది కొండల్‌ది. ఇంకెవరూ లేరు గదా, పొరపాటు పడే వీలు లేదు.

అతనే అన్నాడు. "ఇగ నాకు రానీకి బహానా లేదు."

"లేదు."

"మరి రేపు ఎట్ల రావాలె?"

"ఏ సాకూ లేకుండా రండి."

"రోజూ వస్త. పీహెచ్‌డీ అయినంక గూడ వస్త. నీకు ఇష్టమైతేనే."

"మీరు ఈ మాట అంటారని నేను వారం నుంచి చూస్తున్నాను" అంది అనుపమ. "ఇంకో రోజు ఆలస్యమైతే నేనే అడిగేదాన్ని."

గుమ్మంలో ఎవరో దగ్గారు. తలపాగా తడిసిన పెద్దమనిషి, భుజాన తువ్వాలు. ముత్తయ్య.

"దుక్కికి పదునైందిరా. ట్రాక్టరు తిప్పితే కిక్కురుమనలే. ఊరంత అడిగిన. టెంట్‌హౌసోడు చెప్పిండు నా బ్యాటరీ ఈడ పెద్ద సదువు సదువుతున్నదని." ఆయన చూపు కలిసిన చేతుల మీద ఆగింది. "ఒక్క బ్యాటరీనే అనుకున్న."

కొండల్ చేయి లాక్కోబోయాడు. అనుపమ వదల్లేదు.

"బాబాయ్ గారూ, తప్పు నాది. బ్యాటరీ ఇంకో వారం కావాలి. ఇప్పుడు తీసుకెళ్తే ఇది నిలబడదు."

"మరి నా దుక్కి?"

"ట్రాక్టరు కిరాయికి దొరుకుతుంది. ఈ పగడం దొరకదు. ఒకసారి వచ్చి చూడండి."

ముత్తయ్య చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ఆమె భూతద్దం ఇచ్చింది. ఆయన ఒంగి చూశాడు. చాలాసేపు చూశాడు. పగడాన్ని చూస్తున్నాడా, అద్దంలోంచి కొడుకుని చూస్తున్నాడా, నేను చెప్పలేను.

"ఇదేనా సచ్చిపోతదన్నది?"

"ఇదేనండీ బాబాయ్ గారూ."

"బాబాయ్ అనకు బిడ్డా."

అనుపమ ముఖం పాలిపోయింది.

"నేను బాబాయ్‌నైతే వీడు నీకు అన్న అయితడు. ఆ వరస నాకు నచ్చలే. మామా అను." భూతద్దం పక్కన పెట్టాడు. "నాకైతే సరే. రుక్కమ్మకు వీని కడుపుల నీళ్ళు పోయినయంటే చాలు, సరే అంటది. మరి మీ కాకినాడోళ్ళు? మా మాట వేరు, మీ మాట వేరు. మీ నాయన ఒప్పుకోకపోతే?"

"చెప్తాను మావయ్యగారూ. ఒప్పుకునేదాకా చెప్తాను" అంది అనుపమ, తొట్టెలో విచ్చుకున్న పగడాన్ని చూస్తూ. "పారెయ్యమన్న ఇదే నా మాట విని లేచింది. మా నాన్న ఎంత."