ఔసంగాతే ఆరగించే వేళ

"ఊరు మునిగినా సరే, ముఠా దొరకాలి. ఇది ఆజ్ఞ."

కర్నల్ ఉర్రూతియా ఈ మాటను కుస్కో బజారులో, పండ్లరసాల బల్ల ముందు కూర్చొని, బొప్పాయి రసం చప్పరిస్తూ అన్నాడు. అతడిది గొర్రెల దళారి వేషం. పక్క పీట మీదున్న నాసారియా చిల్లివానీ ఏ వేషమూ వేయలేదు. ఔసంగాతే పర్వతం ఒడిలోని ఆంకాపంపాలో పుట్టిన స్త్రీకి గుండ్రని టోపీ, ఉన్ని పావడా వేషం కాజాలవు. రహస్య విభాగం రికార్డుల్లో మాత్రం ఆమె పేరు ఏజెంట్ విస్కాచా. రాళ్ల నడుమ కనబడీ కనబడక తిరిగే కొండకుందేలు పేరది.

"వివరంగా చెప్పండి సార్."

"మీ ఊరికి ఎగువనున్న ఆంకాకొచ సరస్సు కట్టలో విదేశీ ముఠా పోయిన ఏడే మందుగుండు పాతింది. తవ్వబోతే పేలుతుంది. కట్ట తెగిందా, ఊరుండదు. మంచు కరిగి వరదొచ్చిందని లోకానికి చెప్పి, ఖాళీ అయిన నేలలో రాగి తవ్వుకుంటారు. ఇక కావలసింది ట్రిగ్గర్ ఒక్కటే. అది సరస్సు ఎదురుగా కనబడే పలొమానీ కనుమ మీదనుంచే పనిచేస్తుంది. ఔసంగాతే చుట్టూ తిరిగే ఈ వారం ట్రెక్కింగ్ బృందంలో ఎవరి దగ్గరో అది ఉంది. నువ్వు ఆ బృందానికి వంటమనిషివి."

"ముందు ఊరు ఖాళీ చేయించండి."

"చేయిస్తే వాళ్లకు తెలిసిపోతుంది. నొక్కనివ్వు. ఆ సిగ్నల్ వెంట మనం ముఠానాయకుడి దాకా వెళ్తాం."

"కింద మా అక్క ఉంది సార్. పిల్లలున్నారు."

"దేశం ముందు, నాసారియా."

"ఆంకాపంపా ఏ దేశంలో ఉంది సార్?"

కర్నల్ గ్లాసు కింద పెట్టాడు. "బృందంలో నీకు తోడుగా మన మనిషి ఉంది. 'వడగళ్లు పడ్డాయా?' అని అడుగుతుంది. 'దుంపలనే అడగండి' అని చెప్పు" అని లేచి వెళ్లిపోయాడు.

మొదటి మజిలీలో, వేడినీటి బుగ్గల దగ్గర, ఆ ప్రశ్న అడిగినది ఫియొరెల్లా బెనవెంతే. లీమా నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు. పచ్చికబయళ్ల మీద కోతపెట్టే చలిగాలి సైతం ఆమె కేశపాశాన్ని చెదరగొట్టడానికి జంకుతున్నట్టు ఉండేది. ఎర్రని పెదవుల మీది రంగును ఆమె పూటపూటకూ సరిదిద్దుకునేది.

జవాబు విని ఆమె చిరునవ్వు నవ్వింది. "ట్రిగ్గర్ ఆ ప్రొఫెసర్ కెమెరాలో ఉంది వంటక్కా. అతణ్ని నేను చూసుకుంటా. నువ్వు సూపు చూసుకో."

ప్రొఫెసర్ హాల్వర్స్ తెల్లదొర. మాట మొదలైతే ఆపడు. "మీ పర్వతపూజ మీద నేను మూడు పుస్తకాలు రాశాను!" అని కంచర గాడిదలు తోలేవారికి రోజూ చెప్పేవాడు.

"మూడా! మా అపూకి చదువు రాదు బాబూ, మీరే చదివి వినిపించండి" అన్నాడు డోన్ మెల్కియాదెస్. తోలేవారికి అతడే పెద్ద, అపూకి, అంటే ఆ పర్వతదేవునికి, అతడే పూజారి. అందరూ పొట్టపట్టుకు నవ్వారు. ప్రొఫెసర్ కూడా నవ్వాడు.

అతడు ఎండుదుంపల సూపు తాగుతుండగా నాసారియా కెమెరా విప్పి చూసింది. అది వట్టి కెమెరా. గుడారాలు, సంచులు, జీనులు, అన్నీ గాలించింది. ఏమీ లేదు.

కనుమ ఎక్కవలసిన నాటి ఉదయం ఫియొరెల్లా పొయ్యి దగ్గరకు వచ్చింది.

"వంటక్కా, ఇవాళ పూజలో అందరూ వెనక్కి తిరిగి నిలబడాలటగా?"

"అవునమ్మా. దేవుడు తింటుంటే చూడకూడదు."

"ఒక్కరూ చూడరా?"

"ఒక్కరూ చూడరు."

"పాపం, ఎంత మంచివాళ్లో!"

నాసారియా చేతిలోని గరిటె ఆగిపోయింది. అపూకి అర్పించే నైవేద్యపు పొట్లంలో ఏమేం పెడతారని యాత్రికులందరూ అడుగుతారు. ఎవరు చూస్తారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నైవేద్యవేళ గర్భగుడికి తెర వేసినట్లు, ఆ కాసేపు కనుమ మీద ప్రతి మనిషీ తన కళ్లకు తానే తెర వేసుకుంటాడు. ముఠాకు అంతకంటె అనువైన క్షణం దొరకదు. ఫియొరెల్లా ఒళ్లు వెతుకుదామన్నా, ట్రిగ్గర్ ఏ రూపంలో ఉందో తెలియదు. నొక్కే చేతిని పట్టాలంటే ఆ వేళ చూడాలి. ఆంకాపంపాలో దొంగలు సైతం ఆ వేళ ముఖం తిప్పుకుంటారు.

"పెద్దయ్యా, అపూ తింటుంటే చూస్తే ఏమవుతుంది?" దారిలో మెల్కియాదెస్‌ను అడిగింది.

"ఏమో తల్లీ. చూసి చెప్పినవాడు లేడు."

పలొమానీ కనుమ. ఎదుట హిమధవళమైన ఔసంగాతే. కింద నీలాల ఆంకాకొచ, దానికీ దిగువన ఇళ్ల పొయ్యిల పొగ. కోకా ఆకులు, మిఠాయిలు, లామా పశువుల కొవ్వు పేర్చి కట్టిన పొట్లాన్ని మెల్కియాదెస్ అగ్నికి అర్పించాడు.

"తిరగండి!"

అందరూ తిరిగారు. ప్రొఫెసర్ కళ్లు మూసుకొని, చేతులు కట్టుకొని, పసిబిడ్డలా నిలబడ్డాడు.

'ఔసంగాతే! నీ విస్తరి వైపు చూడబోతున్నాను. కోపమొస్తే నా మీద చూపించు. ఊరి జోలికి రాకు.'

నాసారియా తిరిగి చూసింది.

మంటకు అవతల ఫియొరెల్లా సరస్సు వైపు నిలబడి ఉంది. చేతిలో లిప్‌స్టిక్. మర తిప్పితే రంగుకు బదులు సన్నని ఏరియల్ పైకి లేచింది. పచ్చదీపం వెలిగింది. బొటనవేలు అడుగునున్న మీటను వెతుకుతోంది.

పరుగెత్తితే అందదు. పశువులు కాసే ప్రతి ఆడదానికీ నడుముకు చుట్టి ఉండే ఉన్ని ఒడిసెలను నాసారియా లాగింది. కనుమ దాటినవారు దేవుని పేర పేర్చిన గుట్టలోంచి రాయి తీసింది. ఇది రెండో అపచారం. ఒడిసెల రివ్వుమంది.

రాయి మణికట్టుకు తగిలింది. లిప్‌స్టిక్ ఎగిరి మంటలో పడింది. ఫియొరెల్లా మంట మీదికి దూకబోయింది.

"ఆగు! దేవుడి విస్తట్లో చెయ్యి పెడతావా?" నాసారియా ఆమెను పడదోసి, లామా తాడుతో చేతులు కట్టేసింది. మంటలో ఏదో చిటపటలాడి చల్లబడింది.

"పిచ్చిదానా! సిగ్నల్ లేకపోతే నాయకుడి దాకా ఎలా పోతావే?"

"నిన్నే దారి అడుగుతూ పోతానమ్మా."

కెటిల్ మూతలోని వైర్‌లెస్ గురగురమంది. "విస్కాచా! సిగ్నల్ రాలేదేం? ఏం జరిగింది?"

"ఊరు ఉంది సార్. మీరు పంపిన తోడు నా తాళ్లలో ఉంది. ట్రిగ్గర్ లేదు. రిపోర్టులో ఈ వరుసలోనే రాయండి."

"ఆజ్ఞ ధిక్కరించావు!"

"అవును సార్. అది కూడా రాయండి." మూత మూసేసింది.

మెల్కియాదెస్ ఇంకా అటే తిరిగి ఉన్నాడు. "నాసారియా, చూశావా?"

"చూశాను పెద్దయ్యా. గుట్ట రాయి కూడా తీశాను. మళ్లీ అవసరమొస్తే మళ్లీ చూస్తాను."

ముసలాయన టోపీ సర్దుకున్నాడు. దిగువన పొగలు నెమ్మదిగా లేస్తున్నాయి.

"సరేలే. ఇంతకీ బాగా తిన్నాడా?"

"అంతా తిన్నాడు పెద్దయ్యా. పట్నం అమ్మాయి లిప్‌స్టిక్ కూడా."

"లిప్‌స్టికా?" పెద్దాయన తల పట్టుకున్నాడు. "ఈ వయసులోనా!"