దండగ స్విచ్

రాజేశం బ్యాగు సర్దుకుంటున్నాడు. ఆయన గదిలో మంచం వేస్తే నడవడానికి చోటుండదు. అందుకని సామానంతా వాకిట్లోకి తెచ్చి పరిచాడు. నాలుగు పాలపొడి డబ్బాలు, మూడు ఖర్జూరం పెట్టెలు, వాళ్ళమ్మ భూమవ్వ మోకాళ్ళకు రాసుకునే బామ్ సీసాలు పన్నెండు, పులి బొమ్మ ఉన్న పెద్ద దుప్పటి ఒకటి.

ఖతార్‌లో సెలవు రోజైన శుక్రవారం, మధ్యాహ్నం మూడైంది. ఐదింటికి కంపెనీ బండి వస్తుంది. మూడేళ్ళ తర్వాత రాజేశం సెలవు మీద ఇంటికి వెళ్తున్నాడు.

అదే ఇంటి ముందు పోర్షన్‌లో కుటుంబంతో ఉండే గురుప్రసాద్ తన తూకం కాటా తెచ్చి బ్యాగు తూచిపెడుతున్నాడు. పదేళ్ళ కూతురు ధాత్రి పక్కనే నిలబడి అంకెలు చదువుతోంది.

"ముప్పై రెండున్నర," అంది ధాత్రి.

"రెండున్నర ఎక్కువ," అన్నాడు గురుప్రసాద్. "ఆ దుప్పటి తీసెయ్యవయ్యా. సరిపోతుంది."

"దుప్పటి తీస్తే మా అవ్వ నన్ను ఇంట్లకు రానియ్యది సార్. నా కొడుకు దుబాయ్ దుప్పటి తెస్తుండని ఊరంత చెప్పుకున్నది."

"ఇది దుబాయ్ కాదు కదా అంకుల్, ఖతార్."

"మా అవ్వకు అన్ని దుబాయే బిడ్డా," అని రాజేశం నవ్వాడు. నవ్వుతూనే దగ్గాడు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. గోడ పట్టుకుని వంగిపోయాడు.

"ఏంటయ్యా ఈ దగ్గు?" అన్నాడు గురుప్రసాద్.

"ఏం లేదు సార్. సలికాలం గద."

"మందేమైనా వేసుకున్నావా?"

"వేస్కున్న సార్. సల్లనీళ్ళు పడ్తలేవు, గంతే."

"చన్నీళ్ళెందుకు పోసుకుంటున్నావు? గీజరుందిగా?"

రాజేశం పాలపొడి డబ్బా ఒకటి తీసి, మళ్ళీ అదే చోట పెట్టాడు.

"నిన్నే అడిగేది. గీజరు పనిచేయడం లేదా?"

"ఆరు దినాలసంది వేడినీళ్ళు మాఫీ సార్, వస్తనే లేవు," అన్నాడు చివరికి. "పోనియ్యుండ్రి. ఇయ్యాల పోతనే ఉన్న గద."

గురుప్రసాద్ కాటా కింద పెట్టి విసవిసా లోపలికి నడిచాడు. ధాత్రి వెనకే వెళ్ళింది. నడవలో చెప్పుల స్టాండు పైన ఒక స్విచ్ ఉంది. దాని ఎర్రదీపం వెలగడం లేదు.

"ఇది ఎవరు ఆపారు?" అన్నాడు గురుప్రసాద్.

ధాత్రి ఒక అడుగు వెనక్కి వేసింది.

అసలు సంగతి ఏమిటంటే, ధాత్రితో ఆ ఇంట్లో రెండు వారాలుగా ఎవరికీ నిమ్మళం లేదు. ధాత్రి ఐదో క్లాసు. కరెంటు ఆదా చేయాలని స్కూల్లో అందరికీ తలా ఒక చార్టు ఇచ్చారు. ఇంట్లో ఊరికే నడుస్తున్నది ఏదైనా వెతికి ఆపితే రోజుకొక స్టార్. ఎక్కువ స్టార్లు వచ్చినవాళ్ళకు అక్కడ బడి వారం మొదలయ్యే ఆదివారం ప్రేయర్‌లో బ్యాడ్జి పెడతారు.

మొదటి రోజు నాన్న మీటింగులో ఉండగా వైఫై ఆపింది. రెండో రోజు అన్నం ఉడకకముందే కుక్కర్ ఆపింది. మూడో రోజు బాత్రూం లైటు ఆపితే లోపలినుంచి నానమ్మ కమలాదేవి, "ఒసేయ్, నేనింకా బతికే ఉన్నానే," అంది.

"ఇంకోసారి మా వస్తువుల జోలికొచ్చావంటే చార్టు చింపేస్తాను," అంది అమ్మ.

అప్పుడు ధాత్రి ఎవరికీ అక్కర్లేనిదాని కోసం వెతికింది. నడవలో రాత్రీ పగలూ ఎర్రగా వెలిగే ఈ స్విచ్ కనబడింది. తమ రెండు బాత్రూంల గీజర్లకు వేరే స్విచ్‌లున్నాయి. మరి ఇది దేనికి? ఆపి చూసింది. ఫ్రిజ్ ఆగలేదు. టీవీ ఆగలేదు. ఇంట్లో ఏదీ ఆగలేదు. ఎవరూ అరవలేదు.

అయితే ఇది దండగ స్విచ్ అని తేల్చుకుంది. ఆపిన రోజు ఒక స్టార్ అంటించుకుంది. అది ఆగి ఉన్న ప్రతి రోజుకీ ఒక స్టార్ రావాలని తనే నిర్ణయించుకుని, రోజుకొకటి చొప్పున ఆరు అంటించింది.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని ఆ విల్లాను ఓనరు మధ్యలో గోడలు పెట్టి మూడు ఇళ్ళు చేశాడన్న విషయం ధాత్రికి తెలుసు. గోడలు పెట్టినప్పుడు వెనక గది బాత్రూంకు గీజరు బిగించి, దాని స్విచ్ మాత్రం ముందు పోర్షన్‌లో వదిలేశాడన్నది తెలియదు.

"ఇది రాజేశం బాత్రూం గీజరుది," అన్నాడు గురుప్రసాద్. స్విచ్ వేశాడు. ఎర్రదీపం వెలిగింది. వంటింటి వైపు తిరిగి, "అమ్మా!" అని పిలిచాడు.

కమలాదేవి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె తెనాలినుంచి వచ్చి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలలూ తల్లీకొడుకులకు కరెంటు మీదే గొడవ.

"ఈ స్విచ్ ఎందుకాపావు?"

"ఏ స్విచ్?"

"ఏ స్విచ్ అంటావేంటి? పాపం, ఆ రాజేశం ఆరు రోజులుగా చన్నీళ్ళు పోసుకుంటున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి బస్సెక్కి ఉత్తర కొసన ఉన్న మదీనత్ అల్ షమాల్ సైట్ దాకా వెళ్ళి, సముద్రపు గాలిలో పొద్దంతా పనిచేసి వస్తాడు. దగ్గు చూశావా?"

"నేను ఆపలేదురా."

"నువ్వు కాకపోతే ఇంకెవరు? ఇంట్లో పొద్దున్నుంచి స్విచ్‌లు ఆపుకుంటూ తిరిగేది ఎవరు? పావుగంట వెయ్యి, వేడెక్కగానే ఆపెయ్యి అని నీది ఒకటే పోరు. చెవులు చిల్లులు పడుతున్నాయి. ఇక్కడ చలికాలమంతా గీజరు వేసే ఉంచుతారు. కరెంటు అద్దెలోనే కలిసి ఉంది. మన జేబులోంచి పోయేదేముంది?"

"అద్దెలో కలిస్తే మాత్రం తీగ వేడెక్కదా? మనిషి చూడకుండా అది గంటలు గంటలు కాలుతుంటే నాకు భయం. అందుకని చెప్తాను. అంతేగానీ ఒక మనిషి నీళ్ళు ఆపుతానా నేను?"

"మతిమరుపుతో ఆపి ఉంటావు."

కమలాదేవి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ధాత్రి గోడకు ఆనుకుని నిలబడింది. నేనే ఆపాను అని చెప్పడానికి రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలు చెబితే ఆరు స్టార్లు పోతాయి. బ్యాడ్జి పోతుంది. అమ్మ డ్యూటీ నుంచి రాగానే చార్టు చింపేస్తుంది. నానమ్మకు తిట్లు అలవాటేగా, రేపటికి నాన్నే మర్చిపోతాడు అనుకుంది.

గురుప్రసాద్ విసుక్కుంటూ బయటికి వెళ్ళిపోయాడు. ధాత్రి తన గదిలోకి వెళ్ళి హీటరు దగ్గర కూర్చుంది. వెచ్చగా ఉంది. కానీ కూర్చోలేకపోయింది.

వంటింట్లో నానమ్మ స్టీలు డబ్బాలో పులిహోర పెడుతోంది. మూత పెట్టింది. చేతిరుమాలులో కట్టింది. డబ్బా పట్టుకుని తలుపు దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఇవ్వలేదేం నానమ్మా?" అంది ధాత్రి.

"ఎలా ఇవ్వనే? పోయిన శుక్రవారం నేనే అడిగాను, ఎంతసేపు పోసుకుంటావయ్యా స్నానం అని. ఊరికే అన్నాను. మర్నాటినుంచే నీళ్ళు ఆగిపోయాయంటే వాడేమనుకుంటాడు? ముసల్ది నీళ్ళ దగ్గర కూడా లెక్కలు చూసిందని అనుకోడూ? ఇవాళ పప్పు తీసుకెళ్ళడానికి రాలేదు. ప్రతి శుక్రవారం వస్తాడు. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది."

"తిరిగి వచ్చాక చెప్పొచ్చులే నానమ్మా."

"వచ్చాకా?" కమలాదేవి మనవరాలి వంక కోపంగా చూసింది. "విమానమెక్కేవాడితో మాట ఇవాళే అయిపోవాలే. వస్తాడో రాడో, నేనుంటానో ఉండనో. మీకన్నీ రేపే." డబ్బా ధాత్రి చేతుల్లో పెట్టింది. "పో, నువ్విచ్చి రా. నేనిచ్చానని చెప్పకు. చెబితే తీసుకోడు."

ధాత్రి డబ్బా పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. డబ్బా వేడిగా ఉంది.

రాజేశం బ్యాగుకు తాడు కడుతున్నాడు. దుప్పటి బ్యాగులోనే ఉంది. ఖర్జూరం పెట్టెలు రెండు బయట ఉన్నాయి. గురుప్రసాద్ పక్కనే నిలబడి ఫోన్‌లో విమానం టైం చూస్తున్నాడు.

"ఏంది బిడ్డా అది?"

"పులిహోర. దారిలో తినడానికి."

"ఎవరు పంపిండ్రు? మీ అమ్మనా?"

ధాత్రి తల వంచుకుంది. నానమ్మ చెప్పొద్దంది. చెప్పకపోతే రాజేశం అంకుల్ తనకు తోచింది అనుకుంటాడు. అలాగే వెళ్ళిపోతాడు.

"నానమ్మే పంపింది," అంది. "నానమ్మ మీ నీళ్ళు ఆపలేదు అంకుల్. నేను ఆపాను. స్విచ్ ఆపితే మా ఇంట్లో ఏదీ ఆగలేదు. అందుకని దండగ అనుకున్నాను. మీకని నాకు తెలియదు. స్టార్ల కోసం ఆపాను."

గురుప్రసాద్ ఫోన్ దించాడు. "ఏంటి?"

రాజేశం తాడు వదిలేశాడు. ధాత్రి ఆయన తిడతాడనుకుంది.

"ఆరు దినాలు మీ నానమ్మ మీద మస్తు కోపం చేసిన," అన్నాడు. "చెప్పకుండనే బండెక్కుదామనుకున్న. తప్పు గద నాది." దగ్గి, గొంతు సవరించుకున్నాడు. "నాకైతే చెప్పినవ్. నానమ్మకు చెప్పినవా?"

"లేదు."

"మరి ఆడ తిట్లు పడ్డది ఆమెనే అని సార్ చెప్పిండు గద. నడువ్."

ముగ్గురూ లోపలికి వచ్చారు. రాజేశం గడప దగ్గరే ఆగాడు. ధాత్రి మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఈసారి ఇంకా కష్టమైంది. నానమ్మ మొహం చూస్తూ చెప్పాల్సి వచ్చింది.

"నన్ను దోషిలా నిలబెడితే పక్కనుండి చూశావు కదే," అంది కమలాదేవి. "అంత ఆదా చేసేదానివి, నీ గదిలో హీటరు చార్టులో ఎక్కలేదేం? ఇప్పుడు కూడా అది నడుస్తూనే ఉంది. నాకు చప్పుడు వినబడుతోంది."

ధాత్రి తన గది వైపు చూసింది.

"నువ్వూ అంతే," అంది కొడుకు వైపు తిరిగి. "మతిమరుపట నాకు."

"సరేనమ్మా, తప్పయింది," అన్నాడు గురుప్రసాద్ గోడ గడియారం వంక చూస్తూ.

"నా మొహం చూసి చెప్పు."

ఆయన చూసి చెప్పాడు.

"అమ్మా, నేను గూడ తప్పు అనుకున్న," అన్నాడు రాజేశం గడప అవతలినుంచి. "మనసుల పెట్టుకోకు."

"ఇంకా నిలబడ్డావేం? గీజరు వేసి గంట కావస్తోంది. ఆ దగ్గుతో విమానమెక్కుతావా? పోయి స్నానం చెయ్యి."

"పావుగంటల చేస్కుని వస్త అమ్మా."

"గంట చెయ్యి. ఎవరాపుతారో చూస్తాను," అని కమలాదేవి చెప్పుల స్టాండు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

ధాత్రి గదిలోకి వెళ్ళి హీటరు ఆపింది. స్వెటర్ వేసుకుంది. తర్వాత ఫ్రిజ్ మీది చార్టు దగ్గర నిలబడి ఆరు స్టార్లూ గోటితో గీకేసింది. రెండు సరిగా రాలేదు. కాగితం చిరిగింది.

ఐదింటికి బండి హారన్ మోగింది. డ్రైవర్ ఒవైస్ "యల్లా, యల్లా" అని తొందరపెట్టాడు. రాజేశం తడి తల దువ్వుకుని, శుభ్రమైన చొక్కా వేసుకుని వచ్చాడు. పులిహోర డబ్బా చేతిలోనే పట్టుకున్నాడు. బ్యాగులో పెట్టలేదు.

"మార్చి పదో తారీఖు వస్త అమ్మా. డబ్బా తెచ్చిస్త."

"డబ్బా ఎందుకులే. నువ్వు చేరగానే ఫోన్ చెయ్యి. మర్చిపోకు. దిగగానే చెయ్యి."

"చేస్త."

బండి సందు తిరిగేదాకా కమలాదేవి గేటు దగ్గరే ఉంది.

లోపలికి వచ్చాక ధాత్రి నడవలో ఆగింది. ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది. చెయ్యి పైకెత్తి, దించేసింది. వెనకకు వెళ్ళి మూడో ఇంటి తలుపు తట్టింది. అక్కడ ఉండే ఫరీదుద్దీన్ అంకుల్ పేపరు పట్టుకుని వచ్చాడు.

"అంకుల్, వెనక బాత్రూం గీజరు మీరేమైనా వాడుతున్నారా?"

"నహీ బేటా. మాది వేరే ఉంది. ఎందుకు?"

"ఆపుదామని. అడిగి ఆపుదామని."

ఇంటికొచ్చి నాన్ననూ నానమ్మనూ అడిగింది. ఎవరికీ అక్కర్లేదన్నాక స్విచ్ ఆపింది. ఆ రోజు చార్టులో ఏమీ అంటించలేదు.

రాజేశం మర్నాడు ఇల్లు చేరి ఫోన్ చేశాడు. ఫిబ్రవరిలో షమాల్ సైట్ పని అయిపోయింది. కంపెనీ ఆయన వీసా రద్దు చేసింది. రాజేశం మార్చి పదిన రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు.