భోజన విరామంలో పడిన ముద్ర

గళబంధాన్ని మెడకు బిగించుకుని వకుళ మూడుసార్లు గుటక వేసింది. అలా వేస్తేనే అది గొంతు కొలత తీసుకుంటుంది. పట్టీ అంచున ఆకుపచ్చ చుక్క వెలిగింది. ఇక సాయంత్రం దాకా ఆమె ఏం మాట్లాడినా వణుకు వడకట్టిన గొంతే బయటికొస్తుంది. బ్యాంకువారి నలభైరోజుల శిక్షణజట్టు ఉదయశ్రేణిలో చేరి ముప్ఫై తొమ్మిది రోజులైంది. ఈ ఒక్కరోజు తడబడని గొంతుకీ పనివేగానికీ ఇచ్చే స్థైర్యాంకం ఎనభైకి తగ్గకుండా నెట్టుకొస్తే రేపటినుంచి ఆమె శాఖానాయిక. సముద్రం కనబడే గది, చేతికింద పదిమంది. బ్యాంకులో చేరిన ప్రతివాళ్ళకీ ఆ కుర్చీమీదే కన్ను. పైకి మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

శిక్షణ సౌధం మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు మలుపులో పైడితల్లి కనబడింది. నిన్న కూర్చున్న మెట్టుమీదే కూర్చుని ఉంది. అదే నీలం చీర, అదే గుడ్డసంచి.

"మళ్ళీ వచ్చావేంటి మామ్మా?"

"నానెళ్తే కదా తల్లీ, మళ్ళీ రాడానికి!" అంది ముసలామె. "నిన్న నువ్వు పైకెళ్ళినాక నానూ లేచి కిందకి దిగినాను. తలుపు తియ్యనేదు. ఎవురెనకాలైనా ఎల్దామంటే నన్ను సూసి మూసేసుకుంతంది. రాత్రంతా ఈ మెట్లమీదే."

వకుళ ఆమె మణికట్టు తిప్పి చూస్తే చుక్క ఆరిపోయి ఉంది. తలుపు అలా మూసుకునేది నిద్రాణులకే. మణికట్టుమీది బ్యాంకు గుర్తు నిద్రలో పడిందంటే ఆ మనిషికి బస్సు ఆగదు, కొళాయి తిరగదు, ఆసుపత్రి గేటు కదలదు. పైడితల్లికి వారానికి మూడుసార్లు డయాలసిస్. నిన్న సాయంత్రానిది తప్పిపోయిందన్నమాట. ముఖం అప్పుడే ఉబ్బింది. చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోయి ఉన్నాయి. ఇవాళ నాలుగింటికి కూడా ఆసుపత్రికి చేరకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నిన్న నా బతుకు రుజువు రాసీసినావు కదమ్మా?"

వకుళ "ఇప్పుడే చూసొస్తాను, కదలకు," అని రెండేసి మెట్లు ఎక్కింది. కదలలేని మనిషిని కదలకు అనడంలోని విడ్డూరం నాలుగు మెట్లు దాటాకగానీ ఆమెకు తట్టలేదు.

అరవై దాటిన ప్రతివాళ్ళూ ఏడాదికోసారి బ్యాంకుకొచ్చి తాము బతికే ఉన్నామని చూపించుకోవాలి. ఉదయశ్రేణి ఉద్యోగి చూసి, ఉంగరంతో ముద్ర వెయ్యాలి. నిన్న పైడితల్లి దస్త్రం వకుళ బల్లమీదికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఆకలి దంచేస్తోంది. "కాస్త సీటు చూసుకో," అని పక్కనున్న సాల్మన్‌కి ఉంగరం తీసిచ్చి కిందికి వచ్చింది. నియమం ప్రకారం అది నేరమే. కానీ ఒకరు అన్నానికి వెళ్తే ఇంకొకరు రెండు సీట్లూ నడపడం బ్యాంకుల్లో ఈనాటిది కాదు. తాతల కాలంలో పాస్‌వర్డు చెప్పి వెళ్ళేవారు, ఇప్పుడు ఉంగరం ఇచ్చి వెళ్తున్నారు, అంతే తేడా. మెట్లమీద నీరసంగా కూర్చున్న ఈ ముసలామెతో వకుళ తన పులిహోర పంచుకుంది. పైకెళ్ళగానే మొదట నీ పనే అని మాట కూడా ఇచ్చింది. తీరా వెళ్ళేసరికి బల్లమీద దస్త్రాలన్నీ ముగిసిపోయి ఉన్నాయి. సాల్మన్ మంచివాడు, అన్నీ చేసిపెట్టాడని సంబరపడింది. ఒక్కటి కూడా తెరిచి చూడలేదు.

ఇప్పుడు తెరిచి చూసింది. బోణి పైడితల్లి, రుజువు అందలేదు, నిద్రాణం. కింద వకుళ ముద్ర.

"నువ్వేం చేశావు?" అని సాల్మన్ చెవిలో అడిగింది. గళబంధం ఆ గుసగుసని కూడా నున్నగా చేసి పంపింది.

సాల్మన్ తన ఉంగరం తిప్పుకుంటూ చెప్పాడు. "నీవీ నావీ కలిపి ఇరవై ఆరు ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరుచుకుంటూ కూర్చుంటే వేగం పడిపోయి నా అంకం పోతుంది. అన్నిటికీ ఒకటే జవాబు కొట్టేశాను. తర్వాత ఎవరైనా అభ్యర్థన వేస్తే సరిచేసుకోవచ్చు కదా అనుకున్నాను. ముఖాలు చూడలేదు వకుళా. నా పాపకి ఇంకా నెల నిండలేదు. నా పేరు చెప్పకు."

శిక్షకురాలు మణిమాల, వకుళ చెప్పింది సగం వినగానే చెయ్యెత్తి ఆపింది. "పదకొండింటికి తీర్పు చెప్పే తుల ముందు నీ వాదన ఉందిగా. ఆమె తరఫున అభ్యర్థన వెయ్యి, చక్కగా వాదించు. మొదటిరోజు పాఠం గుర్తుందా? వాదించే మనిషి వాదంలో కనబడకూడదు."

"కానీ మేడమ్, ముద్ర వేసింది నేను కాదు."

మణిమాల తలుపువైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ మాట నాకు వినబడలేదు. తులకి వినబడిందా, నీ గుర్తు కూడా నిద్రపోతుంది. అప్పుడు నేనే కాదు, ఎవరూ ఏమీ చెయ్యలేరు."

పదకొండింటికి వాదశాల నిండింది. శ్రేణిలోని నలభైమందీ వరసల్లో కూర్చున్నారు. కాపలాదారు పైడితల్లిని నడిపించుకొచ్చి గోడపక్క బల్లమీద కూర్చోబెట్టాడు. ఎదురుగోడమీద తెల్లని గీత వెలిగింది. తీర్పరి యంత్రం తులకి ఉన్న రూపం అంతే. ఒక గీత, ఒక గొంతు.

వకుళ వాదించింది. నలభైరోజుల చదువంతా ఒలకబోసింది. పౌరురాలి సేవాచరిత్ర, శాఖ ప్రతిష్ఠ, కరుణకున్న దీర్ఘకాలిక ప్రయోజనం, అన్నీ వరసగా వచ్చాయి. లోపల గుండె ఎగిరెగిరి కొట్టుకుంటోంది. గొంతులో మాత్రం ఒక్క జీర లేదు.

"ముద్ర సక్రమం," అంది తుల. "వేసినవారు స్వయంగా చూసి, నిర్ణయించి వేశారు. కనుక బోణి పైడితల్లి లేరు. లేనివారి తరఫున వాదన చెల్లదు. వాదకురాలి స్థైర్యాంకం తొంభై ఒకటి."

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. అంత అంకం వకుళకి ఎప్పుడూ రాలేదు. గోడపక్కన ఆ లేని మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

వకుళకు చచ్చేంత భయం వేసింది. ముసలామె చచ్చిపోతుందని కొంత, తనకి తలుపులు తెరుచుకోవని కొంత, ఈ తొంభై ఒకటి చూసి ఒక్క క్షణం తనకి సంతోషం కలిగినందుకు మరికొంత. చేతులు మెడవెనక్కి వెళ్ళాయి. కొక్కెం రెండుసార్లు జారి మూడోసారి ఊడింది.

"ఆ ముద్ర నేను వెయ్యలేదు." తన గొంతు తనకే పరాయిగా ఉంది. సన్నగా, వణుకుతూ, ఎక్కడికక్కడ తెగిపోతూ వచ్చింది. "అన్నానికి వెళ్తూ ఉంగరం ఇచ్చి వెళ్ళాను. ఎవరికిచ్చానో చెప్పను. ఇచ్చింది మాత్రం నేనే."

"వకుళా!" అంది మణిమాల.

"ముద్ర పడిన సమయంలో నువ్వెక్కడ ఉన్నావు?" అని తుల అడిగింది.

"రెండో అంతస్తు మెట్లమీద. ఈ మామ్మతో కలిసి అన్నం తింటున్నాను."

"సాక్షి?"

"ఈవిడే."

"ఈమె లేరు."

"సాక్షిని వినకుండా ఏ నేరమూ తేల్చకూడదని మీ నియమమే చెబుతోంది. నా నేరం తేలాలంటే ఈవిడ ఉండాలి."

గోడమీద గీత సన్నగా అదిరింది. అలా అదరడం ఆ శాలలో ఎవరూ ఎరగరు. "సాక్ష్యం కోసం మేల్కొలుపుతున్నాం," అంది తుల. పైడితల్లి మణికట్టుమీద పచ్చచుక్క పుట్టింది.

"అవునయ్యా, నాతోనే ఉంది," అంది పైడితల్లి గోడవంక చూసి. "పులిహోర ఎట్టింది. కారం ఎక్కువైంది, అయినా తిన్నాను."

"సాక్ష్యం స్వీకరించాం. సాక్ష్యం చెప్పిన మనిషి లేరనడానికి వీల్లేదు. బోణి పైడితల్లి నిద్రాణం రద్దు. ఉంగరం అప్పగించిన నేరానికి వకుళ గుర్తు నిద్రాణం." తుల అక్కడితో ఆగలేదు. "అన్ని శాఖల్లోనూ భోజన విరామంలో పడిన ముద్రల్ని నిలిపివేస్తున్నాం. అవి ఎవరి చేతులు వేశాయో తేలాలి."

వరసల్లోని అందరి చేతులూ ఉంగరాలతో సహా బల్లలకిందికి వెళ్ళిపోయాయి. మణిమాల చేతులు కూడా. వకుళ మణికట్టుమీది చుక్క ఆరిపోయింది. ఇంటి తలుపు, మంచినీళ్ళు, సాయంత్రం బస్సు ఒక్కొక్కటే గుర్తొచ్చి ఆమె కుర్చీ అంచు పట్టుకుంది.

శాల తలుపు పైడితల్లికోసం తెరుచుకుంది. ముసలామె సంచి భుజానికి తగిలించుకుని గడప దాకా వెళ్ళింది. వకుళ వెనకే రెండడుగులు వేసింది. తలుపు సగం మూసుకుంది. ఆమె వెనక్కి జరిగితే మళ్ళీ తెరుచుకుంది.

"ఈ పిల్లకి తియ్యదేటి?"

"మీరు వెళ్ళండమ్మా," అంది మణిమాల. "ఆసుపత్రికి ఆలస్యమవుతుంది."

"ఈ పిల్ల తరపున ఎవురు మాటాడతారు?"

ఎవరూ తలెత్తలేదు. ఇతరుల తరఫున మాట్లాడటమే నలభైరోజులుగా నేర్చుకుంటున్నవాళ్ళు వాళ్ళంతా.

పైడితల్లి తెరిచిన తలుపువంక చూసింది. వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని, వాచిన కాళ్ళీడ్చుకుంటూ వచ్చి వాదకుల కుర్చీలో కూలబడింది. "అయితే నాను మాటాడతాను."

"వద్దు మామ్మా, వెళ్ళిపో," అంది వకుళ. ఆమెకు ఏడుపొస్తోంది.

"నాలుగింటికి కదా. ఇంకా పొద్దుంది."

"మీకు గళబంధం లేదు," అంది తుల. "స్థైర్యం కొలవడం సాధ్యం కాదు."

"కొలవడానికి ఏటుంది బాబూ? బయమేస్తంది నాకు. మల్లీ పడుకోబెట్టేస్తావేమో అని ఒల్లంతా వొనికిపోతంది. అయినా సెప్తాను, ఇను."

గీత వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. కాదనడానికి ఏ నియమమూ దొరికినట్టు లేదు. పైడితల్లి గొంతు సవరించుకుంటుండగా వెనక వరసలో ఎవరిదో గళబంధం కొక్కెం ఊడిన చప్పుడైంది. ఆ వెంటనే, "నిన్న ఆ ఉంగరం నా చేతిలో ఉంది," అని సాల్మన్ గొంతు వణుకుతూ వినబడింది.