నూటికి ఐదు పాళ్ళు

"సెంటు పూసుకున్నారా?"

వైన్ కలిపే గదిలో అడుగుపెట్టగానే ఆ అమ్మాయి నన్ను అడిగిన మొదటి మాట అది.

"కొంచెమే," అన్నాను.

"కుళాయి పెరట్లో ఉంది. కడుక్కుని రండి. ఇక్కడ ద్రాక్ష వాసన తప్ప ఇంకేదీ ఉండకూడదు."

ల్యాబ్ నుంచి వైన్ పరీక్షలకని వెళ్ళినవాణ్ణి, మెడ రుద్దుకుంటూ పెరట్లో నిలబడ్డాను. మర్నాటి నుంచి సెంటు మానేశాను. మూడు నెలల్లో ఆమె 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. నా మనసు ఎప్పుడో జారిపోయింది గానీ, చెప్పడానికి నోరు పెగల్లేదు.

వాళ్ళది ఇంటిల్లిపాదీ కలిసి చూసుకునే ద్రాక్షతోట. ఏటా మూడు రకాల ద్రాక్షలు కలిపి ఒక ఎర్ర వైన్ చేస్తారు. ఏది ఎన్ని పాళ్ళో తేల్చేది నాలుగు కుర్చీలు: వాళ్ళ తాతగారు, అమ్మానాన్నలు, ఆమె. ప్రతి కుర్చీ ముందు మూడు గ్లాసులు, ఒకే వరుసలో. ఏ గ్లాసులో ఏముందో చెప్పరు. రుచి చూసి, పెదవి విప్పకుండా, నచ్చిన గ్లాసేదో చీటీ మీద రాసి మడిచిపెట్టాలి. తాతగారు పోయాక ఒక కుర్చీ ఖాళీ అయింది. ఈ ఒక్క ఏడాదికి అందులో నన్ను కూర్చోమన్నారు వాళ్ళ నాన్నగారు.

రుచి చూసే ముందురోజు వాన పడుతుంటే, వసారాలో ఆమె నా పక్కకొచ్చి నిలబడింది.

"పై మడిలో నేను నాటిన కొత్త రకం తీగలకి ఐదేళ్ళు. ఈసారీ ఆ ద్రాక్ష కలవకపోతే పీకించేస్తానన్నారు నాన్న. రేపు ఒక గ్లాసులో అది నూటికి ఇరవై పాళ్ళుంటుంది, ఒకదాంట్లో ఐదు, ఇంకోదాంట్లో అసలుండదు. ఇరవైది మిరియాల వాసన కొడుతుంది. దానికే రాయి."

"సరే," అన్నాను. ఆ కళ్ళలోకి చూస్తూ కాదనడం నావల్ల కాలేదు.

మర్నాడు కుడి గ్లాసు ఎత్తగానే మిరియాల వాసన తెలిసింది. గుటక దిగాక మాత్రం నాలుక పట్టేసింది, మిగతా ద్రాక్షల ఊసే లేదు. మధ్య గ్లాసులో ఆ ఘాటు చివర్లో మెల్లగా వచ్చి, చాలాసేపు నిలిచింది. 'కుడిది' అని రాస్తే ఆమె నాకు దక్కుతుందేమో. కలం పట్టుకుని అంతసేపు నేనెప్పుడూ కూర్చోలేదు. చివరికి 'మధ్యది' అని రాశాను.

వాళ్ళమ్మగారు చీటీలు విప్పారు. రెండు 'ఎడమది', అంటే ఆ ద్రాక్ష అసలు లేనిది. రెండు 'మధ్యది'. కుడిదానికి ఒక్కటీ లేదు.

"నీదానికి నువ్వే రాసుకోలేదా, తల్లీ?" అన్నారు నాన్నగారు.

"రుచి చూశాక చెయ్యి రాలేదు, నాన్నా."

ఆయన మధ్య గ్లాసు మళ్ళీ అందుకున్నారు. ఇంకో గుటక వేశారు. తర్వాత తన చీటీలో 'ఎడమది' కొట్టేసి 'మధ్యది' అని రాశారు.

"ఐదు పాళ్ళు చాలు. తీగలు ఉండనీ."

పెరట్లో కుళాయి దగ్గర ఆమె నన్ను ఆపింది.

"మాట తప్పావు."

"తప్పాను. కోపమా?"

"కుడిదానికి రాసుంటే వచ్చేది. రేపు నేనేం చేసినా బాగుందంటావేమోనని భయపడేదాన్ని."

"నువ్వంటే నాకు ఇష్టం," అన్నాను. "ఇదీ నిజమే."

"తెలుసు. సెంటు మానేసిన రోజే తెలుసు."

లోపలి నుంచి వాళ్ళమ్మగారి గొంతు వినిపించింది. "ఈ నాలుగో కుర్చీ తీయించెయ్యనా? ఈ ఒక్క ఏడాదికే అన్నారుగా."

"ఉండనియ్యి," అన్నారు నాన్నగారు. "వచ్చే ఏడు ఆ అబ్బాయి ఎక్కడ కూర్చుంటాడు?"